గురువారం దుబాసీ

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో
నాది చీటీలు రాసే ఉద్యోగం.
గురువారం మాత్రం పదకొండో నంబరు గదిలో దుబాసీని.
దానికి జీతం లేదు. టీ ఇస్తారు.

బరంపురం నుంచి లిప్సా సాబత్ మేడం వస్తుంది
మనసు బాగోలేనివాళ్లని చూడ్డానికి.
ఆవిడకి తెలుగు రాదు.
వచ్చేవాళ్లలో సగం మందికి ఒడియా
బేరమాడ్డానికి సరిపోతుంది, ఏడవడానికి చాలదు.

ప్రాణం ఉసూరుమంటోంది, అంటారు.
ఆ ఊపిరిని ఒడియాలో ఎక్కడ పెట్టాలో
పన్నెండేళ్లయినా నాకు తెలీలేదు.
నిట్టూర్చి చూపిస్తాను.
మేడం రాసుకుంటుంది.

మొన్న సింహాచలం వచ్చినప్పుడు
చీటీ మీద ఆడ, మగ గళ్ల దగ్గర పెన్ను ఆగింది.
పేరు చూసి చెప్పలేం.
మా వైపు ఆ పేరు తాతకీ పెడతారు, మామ్మకీ పెడతారు.
"ఆడ" అంది తల్లి.
పక్కనున్న పంతొమ్మిదేళ్లు నేల చూశాయి.

తండ్రిది కొమ్ము పని.
ఇల్లంతా దువ్వెనలు, కాలిన కొమ్ము వాసన.
ఆ ఇంట్లోనే ఓ తెల్లారి
ఆకురాయి పక్కన మూరన్నర జడ పడుందట.
పోగులు పోగులుగా, ఇంకా నూనె ఆరకుండా.
ఆ రోజు నుంచి తండ్రికి మాట లేదు.

"గుంటకి నిద్దర్లేదు. అదన్నం ముట్టదు.
గాలి సోకినాదని తాయెత్తు కట్టించినాను.
అదో రేత్రి నూతికాడ నిలబడుంటే
నానే లాక్కొచ్చినాను."
ఆవిడ "అది" అన్నప్పుడల్లా
సింహాచలం బొటనవేలు చెప్పులో ముడుచుకుంటోంది.
లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఒడియాలోకి మారుస్తుంటే
"అది" పోయి "సే" వచ్చింది.
సే అంటే ఆయన, ఆవిడ, వాడు, అది.
సే ఆసిలా అంటే వచ్చాడో, వచ్చిందో,
ఎవరో మనిషి వచ్చినట్టు.
క్రియకి తోక లేని భాష.
మేడం సే అన్నప్పుడు
ఆ వేలు కదలడం లేదు.

"నేను, నేను అనుకున్నంతసేపూ బాగానే ఉంటాను.
ఇంకెవరైనా నా గురించి మాట్లాడితేనే
నూతిలోకి జారిపోతున్నట్టుంటాది."

దుబాసీ "ఫలానా వాళ్లు ఇలా అంటున్నారు" అనకూడదు,
"నేను" అనే అనాలి. మేడం పెట్టిన నియమం.
అన్నాను.
ఆ నేను నా నోట్లో
ఉండాల్సినదానికన్నా ఓ క్షణం ఎక్కువే ఉంది.
నాకు నలభై మూడేళ్లు.
మేడం నావైపు చూసి, మళ్లీ కాగితం చూసింది.

తర్వాత ఆవిడ చాలా చెప్పింది.
నిద్ర పట్టకపోవడానికి మందుంది, మిగతాది జబ్బు కాదు.
తాయెత్తు విప్పక్కర్లేదు, వారం వారం రావాలి.
కాళ్లు నూతివైపు పోతే ఏ రాత్రైనా సరే
ముందు అమ్మని లేపాలి, ఆ వెంటనే ఈ నంబరుకి ఫోను.
చివర్న, సే ఎలా పిలవమంటే అలా పిలవండి.

అన్నీ తెలుగులోకి తెచ్చాను.
చివరి మాట దగ్గర తోక కావాలి.
"డు"వా, "ది"యా.
సింహాచలం వైపు చూశాను.
పెదాలు కదిలాయి, చప్పుడు లేదు.
"వాడు ఎలా పిలవమంటే అలా" అన్నాను.

తల్లి అరవలేదు.
నేనూ ఒడియా మనిషినే అయిపోయినట్టు చూసింది.

టీకి బయటికెళ్తే
వరండా మెట్ల మీద ఇడ్లీ పొట్లంతో ఆవిడ.
సింహాచలం మందుల కిటికీ దగ్గర, వరసలో.
"ఆ మేడం అన్న మాట ఏటది, సేనా?"
"సే."
నోట్లో తిప్పుకుంది, పులుపు చూసినట్టు.
"సే తిన్న..."
తోక దగ్గర ఆగిపోయింది.
వరస కదిలింది, మళ్లీ నిలబడింది.
ఆవిడ ఇంకోసారి "సే తిన్న..." అంది,
విసుక్కుంది, చెంగుతో మొహం తుడుచుకుంది,

లేచి, వరసలోని జనాన్ని తోసుకుంటూ వెళ్లి
పొట్లం ముందుకు చాపింది.
"పొద్దుట్నించి ఏటైనా తిన్నావా?"

"లేదమ్మా."